ఎనిమిది పళ్ళ జత

నాగరాజ్ ఫోన్ నుంచి వచ్చిన వీడియోలో నాగరాజ్ ముఖం లేదు. కాళ్ళు మాత్రమే ఉన్నాయి.

రెండు చీలమండలనూ కలిపి పగ్గంతో కట్టారు. పగ్గం రెండో కొస పోటీ బండ వెనకున్న ఇనుప కొండీకి ముడిపడి ఉంది. బండ ముందు గొలుసు, గొలుసు ముందు కాడి, కాడి కింద తెల్లటి ఎద్దుల జత. కెమెరా అంతవరకూ మెల్లగా జరిగి ఆగింది. తర్వాత ఒక గొంతు వినపడింది. తొందర లేని గొంతు.

"రమణీ, పన్నెండు క్వింటాళ్ళ బండమ్మా ఇది. నా ఎద్దులు పది నిమిషాల్లో మూడు వేల అడుగులు లాగుతాయని మైకులో అరిచేది నువ్వే కదా. నీ మొగుడు ఎన్ని అడుగులు తట్టుకుంటాడో చూద్దాం రా. పోలీసోళ్ళు కనపడినారంటే చర్నాకోల ఎత్తుతా. ఒక్కదానివే రా. రెండు ఛానళ్ళ ఫోన్లూ తీసుకోని రా."

వేంపల్లె లాడ్జి గదిలో మంచం అంచున కూర్చుని రమణి ఆ వీడియోను ఒక్కసారి చూసింది. రెండోసారి చూసే ధైర్యం లేకపోయింది. టైము పొద్దున పది. మర్నాడు ఊళ్ళో బండలాగుడు పోటీలు. కెమెరాలు ఎక్కడ బిగించాలో చూసొస్తానని ఏడింటికి వెళ్ళిన నాగరాజ్ ఇంతవరకూ రాలేదు.

ఆ గొంతు ఓబుళేశుది. నాపరాళ్ళ ఫ్యాక్టరీ, రెండు క్వారీలు, సీమంతా పేరున్న పోటీ ఎద్దులు ఉన్న మనిషి. మూడేళ్ళుగా వాళ్ళ ఛానల్‌కు స్పాన్సర్ కూడా అతనే. నాగరాజ్‌ను ఎందుకు కట్టేశాడో రమణికి తెలుసు. తప్పు తనది.

రమణి, నాగరాజ్ కాపురం కర్నూలు పక్కన కల్లూరులో. ఇద్దరి సొంతూరూ ఆలూరు వైపు. ఎక్కడ పోటీలు జరిగినా అతను మూడు కెమెరాలు బిగిస్తాడు, ఆమె మైకు పట్టుకుంటుంది. వాళ్ళ 'సీమ ఎద్దులు' ఛానల్‌ను నాలుగు లక్షల మంది చూస్తారు. పోయిన వేసవిలో లైవ్ నడుస్తుండగానే ఒక ఎద్దు నురగ కక్కి బరిలో కూలి చచ్చిపోయింది. మూగజీవాల హింస అంటూ ఛానల్‌కు రెండు నెలలు ప్రకటనలు ఆగిపోయాయి. ఆ రెండు నెలలూ ఇంటి అద్దె నుంచి బియ్యం దాకా ఓబుళేశు ఇచ్చిందే దిక్కయింది. ఆ సంగతి అతను కనిపెట్టాడు. అప్పటి నుంచి ఎవరి ఎద్దును ఎంతసేపు చూపాలో, ఎవరి జత చతికిలపడితే కెమెరా అక్కడే నిలపాలో ఫోన్ చేసి మరీ చెప్పేవాడు.

"ఒక్కడి చేతిలో గొంతు పెట్టి బతికేది కాదప్పా ఇది," అంది రమణి ఒకరోజు. "రేపు ఆయనకు కోపమొస్తే మనం యాడ తినాల?"

"మనకు తెల్సింది ఎద్దులే. ఇంకేం జేస్తాం?" అన్నాడు నాగరాజ్. "వంటలు జేసి చూపిస్తావా? నీ ఉగ్గాని నేనే మింగలేకుండా ఉండా."

"రెండు ప్లేట్లు తిని పేర్లు పెడతాండావు. నాకు కన్నడ వస్తాది కదా, దాంతో చూద్దాం."

అలా కన్నడ ఛానల్ పుట్టింది. బళ్ళారి, రాయచూరు, సిరుగుప్ప రైతులు వచ్చి చేరారు. ఆ తర్వాత ఆమె వాట్సాప్‌లో మువ్వలు, పగ్గాలు, కొమ్ములకు తొడిగే ఇత్తడి కుప్పెలు అమ్మింది. అమ్మకానికున్న జతల వీడియోలు తీసి కమీషన్ తీసుకుంది. నెలనెలా చందా కట్టే సభ్యులకు మాత్రమే కనపడే పాఠాలు పెట్టింది. ఎనిమిది నెలలు తిరిగేసరికి ఓబుళేశు స్పాన్సర్ డబ్బు వాళ్ళ రాబడిలో అయిదో వంతుకు దిగింది. రమణి అప్పుడే మొదటిసారి అతని ఫోన్ ఎత్తకుండా వదిలేసింది.

ఆ పాఠాల్లో ఒకటి ఇప్పుడు నాగరాజ్ కాళ్ళకు చుట్టుకుంది.

పోటీల్లో ఎద్దుల వయసును పళ్ళతో లెక్కగడతారు. రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి వేరువేరుగా పోటీపడతాయి. ఎనిమిదీ వచ్చేస్తే నోరు నిండినట్టు. ఇక పెద్ద ఎద్దులతోనే తలపడాలి. అందుకే బరిలోకి దించే ముందు కింది దవడ తెరిచి లెక్కపెడతారు. పది రోజుల కిందట ఓబుళేశు జత ఆరు పళ్ళ విభాగంలో గెలిచింది. ఆ లెక్కింపును దగ్గర నుంచి తీసిన వీడియోను ఎడిట్ చేస్తూ రమణి ఆగిపోయింది. చివర రెండు పళ్ళ చోట పాలపళ్ళు రాలిన గుర్తు లేదు. లోతైన గుంటలు, వాటి అంచున నల్లగా గడ్డకట్టిన నెత్తురు ఉన్నాయి. నోరు నిండిన ఎద్దులకు పటకారు పెట్టి రెండేసి పళ్ళు పీకేశారు.

తెలుగు ఛానల్లో ఆ మాట అనే ధైర్యం ఆమెకు లేదు. కన్నడ సభ్యుల పాఠంలో పెట్టింది. ఎద్దు ముఖం, కొమ్ములు, మెడపట్టీ ఏవీ కనపడకుండా నోరొక్కటే మిగిలేలా కత్తిరించి, "పీకిన పన్ను ఇలా ఉంటుంది. అమ్మేవాడి మాట నమ్మకండి, నోరు చూడండి," అని చెప్పింది. చూసేది మూడు వందల నలభై మంది. వాళ్ళలో సీమ మనిషి ఒక్కడూ లేడు. నోటిని చూసి ఎద్దు ఎవరిదో ఎవరు పోల్చుకుంటారులే అనుకుంది.

ఎద్దులతో బతికేవాడు పోల్చుకుంటాడు. సిరుగుప్ప బసనగౌడ పోల్చుకున్నాడు. అదే జతకు ఇరవై రెండు లక్షల బేరం కుదుర్చుకుని వారం కిందటే దాని నోట్లో చెయ్యి పెట్టి చూసిపోయాడు. పాలపళ్ళు రాలాయంటే అప్పుడు నమ్మాడు. కింది పెదవి లోపల చింతగింజంత నల్లమచ్చ మాత్రం అతనికి గుర్తుండిపోయింది. పాఠంలో అదే మచ్చ కనపడగానే బేరం వద్దని, ఎందుకు వద్దో తెలిసేలా ఆ వీడియోనే ఓబుళేశుకు పంపాడు. నాగరాజ్ బయటికెళ్ళిన కాసేపటికి రమణికీ ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాడు.

రమణి రెండు ఫోన్లూ సంచిలో వేసుకుని ఆటో ఎక్కింది.

ఊరికి ఆరు కిలోమీటర్ల అవతల, చీనీ తోట వెనక ఓబుళేశు ఎద్దుల సాధనకు చేయించుకున్న బరి ఉంది. ఎర్రమట్టిలో గరుసు కలిపి తొక్కించిన నేల. రమణి ఆటో దిగి తోట గుండా పరుగెత్తి వచ్చేసరికి ఓబుళేశు బండ మీద కూర్చుని చీనీకాయ ఒలుస్తున్నాడు. బండ వెనక నాగరాజ్ వెల్లకిలా పడి ఉన్నాడు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కుడిచేతి వేళ్ళు ఏ వేలు ఎటు తిరిగిందో తెలియకుండా ఉబ్బాయి. అతని తలకు చెరోవైపు ఇద్దరు మనుషులు నిలబడ్డారు. ఎద్దుల ముందు ముక్కుతాళ్ళు పట్టుకుని నెహెమ్యా ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఓబుళేశు ఎద్దుల్ని తోలేది ఆ ముసలాయనే. అతను రమణి వైపు చూడలేదు.

"వచ్చినావా పాపా," అన్నాడు ఓబుళేశు. "కుర్చీ లేదు. నీ మొగుని పక్కన చోటుండాది చూడు."

"అన్నా, ఆ వీడియో తీసేసినా. ఇదో, నువ్వే చూడు. ఆయన్ని ఇప్పు."

"తీసేస్తే బసనగౌడ కండ్లల్లోంచి పోతాదా?" అతను ఒక తొన నోట్లో వేసుకున్నాడు. "నేను పెట్టిన కూడు సాలలేదా నీకు? కన్నడోళ్ళ దుడ్లు కావాల్సొచ్చిందా?"

"మా కడుపు మేం చూసుకున్నాం, అంతే. నీ ఎద్దులని యాడా చెప్పలేదన్నా."

ఓబుళేశు గడ్డం ఎత్తాడు. ఇద్దరిలో ఒకడు చెప్పు మడమతో నాగరాజ్ కుడిచేతి వేళ్ళ మీద నిలబడి శరీరం బరువంతా వేసి తిరిగాడు. నాగరాజ్ కేకకు ఎద్దులు చెవులు నిక్కించాయి. గొలుసు గలగలమంది.

"కెమెరా నొక్కే చెయ్యి ఏదిరా అని అడిగి మరీ కొట్టించినా," అన్నాడు ఓబుళేశు. "నేనంత అన్యాయస్తుణ్ని కాదు, రెండో చెయ్యి ముట్టుకోలేదు. ఇను. రెండు ఛానళ్ళల్లో లైవ్ పెట్టు. ఆ పాఠం అబద్ధం, ఎవుడో దుడ్లిస్తే చేసినా అని చెప్పు. తెలుగులో చెప్పు, కన్నడలో చెప్పు. బసనగౌడను పేరు పెట్టి పిలిచి చెప్పు. మల్ల ఆ ఛానళ్ళు నా పేరుకు మార్చు. మొగుణ్ని ఎత్తుకోని పో."

"చెప్పేయ్ రమణీ," అన్నాడు నాగరాజ్. నోట్లో నెత్తురుతో మాట ముద్దగా వచ్చింది. "మల్ల ఇంగోటి పెట్టుకుందాం."

ఆమె ఆలోచించలేదు. రెండు ఫోన్లనూ పక్కనున్న ట్రాక్టర్ బానెట్ మీద నిలబెట్టింది. బండ వెనక భాగం కనపడకుండా, ఎద్దుల ముందు భాగమే పడేలా ఓబుళేశు దగ్గరుండి సరిచేయించాడు. రమణి కొంగుతో ముఖం తుడుచుకుని, ఎప్పుడూ నవ్వే నవ్వే నవ్వింది.

"అందరికీ నమస్కారం. మీ రమణిని. ఈ పొద్దు ఒక తప్పు ఒప్పుకునేకి వచ్చినా..."

చెప్పింది. తడబడకుండా చెప్పింది. పీకిన పళ్ళ పాఠం అబద్ధమనీ, ఓబుళేశన్న జత నిజంగా ఆరు పళ్ళదేననీ, తాను దుడ్లకు కక్కుర్తిపడ్డాననీ రెండు భాషల్లో చెప్పింది. బసనగౌడను పేరు పెట్టి పిలిచి క్షమించమంది. ఎనిమిది నెలలు ఒక్కొక్కరి నమ్మకాన్నీ కూడబెట్టుకున్న మనిషి దాన్నంతా నాలుగు నిమిషాల్లో కుమ్మరించేసింది. మూడు వేల మంది చూస్తున్నారు. చూస్తుండగానే పదకొండు వేలు దాటారు.

మొదట తిట్లొచ్చాయి. థూ అన్నారు. తర్వాత కన్నడ ఛానల్లో బసనగౌడ పేరుతో ఒక వ్యాఖ్య వచ్చింది. 'జత నీ వెనకే ఉంది కదక్కా. నోరు తెరిచి చూపించు.'

దాని కింద ఇంకొకటి. ఇంకో పది. 'నోరు చూపించు.' 'మాట నమ్మొద్దని నువ్వే నేర్పినావు.' 'పళ్ళు లెక్కపెట్టి చూపించక్కా.' కన్నడ వాళ్ళను చూసి తెలుగు వాళ్ళూ అందుకున్నారు. తెర కింది నుంచి పైకి అదే మాట పరుగులు తీసింది.

ఓబుళేశు కెమెరాకు అడ్డం రాకుండా వంగి గుసగుసగా అడిగాడు. "ఏమంటాండారు?"

"నోరు చూపించమంటాండారు. వద్దన్నా, ఇంక ఆపేద్దాం."

"ఇప్పుడు ఆపితే దొంగోడని ఒప్పుకున్నట్టే. పది దినాలైంది, మానిపోయింటాది. నెహెమ్యా, కుడి ఎద్దు నోరు తెరువు."

నెహెమ్యా కదల్లేదు. గొంతు తగ్గించి అన్నాడు. "అన్నా, దానికి చీము పట్టిండాది. మూడు దినాల నుంచి మేత ముట్టలేదు. చెయ్యి పెడితే నిలబడదు. ముందు ఆ మనిషిని ఇప్పుదాం."

ఇరవై రెండు లక్షల బేరం పోయిన మనిషికి, పదకొండు వేల మంది ముందు జీతగాడు ఎదురు చెప్పాడు. ఓబుళేశు చేతిలోని చర్నాకోల కర్ర అడ్డంగా లేచింది. నెహెమ్యా ముక్కు పుల్ల విరిగినట్టు విరిగింది. ముసలాయన రెండు చేతులతో ముఖం పట్టుకుని మోకాళ్ళ మీద పడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారి ఎర్రమట్టిలో కలిసింది. ఇదంతా లైవ్‌లో పడుతోందని ఓబుళేశుకు తట్టనేలేదు.

"నా ఎద్దు నోరు నేను తెరవలేనా?" అని అరిచి ముక్కుతాడు పట్టుకున్నాడు. ఎడమచేత్తో పై దవడ ఎత్తి, కుడిచేతి బొటనవేలు కింది చిగుళ్ళలోకి దూర్చాడు. "చూడండ్రా నాకొడకల్లారా!"

వేలు గుంటలోకి దిగింది.

ఎద్దు అరిచిన అరుపు ఎద్దు అరుపులా లేదు. తల కిందికి పోయి ఒక్క విసురున పైకి లేచింది. ఇత్తడి కుప్పె తొడిగిన కొమ్ము ఓబుళేశు పక్కటెముకల కింద దిగి అతన్ని నేల నుంచి లేపింది, వదిలేసింది. అతను వెల్లకిలా పడ్డాడు. ఆ జతకు తెలిసింది ఒకటే పని. పరుగెత్తడం. ఎనిమిది గిట్టలు అతని మీంచి పోయాయి. వాటి వెనక గొలుసు బిగిసింది. గొలుసు వెనక పన్నెండు క్వింటాళ్ళ బండ కదిలింది.

రమణి అతని వైపు చూడలేదు. బండ వెనక్కి ఉరికింది. పగ్గం బిగిసి నాగరాజ్ కాళ్ళు గాల్లోకి లేచాయి. వీపు నేల మీద బర్రున జారింది. బండను ఆపడం ఆమె వల్ల కాదు. పగ్గం తెంపడం ఆమె వల్ల కాదు. చేతనైంది ఒక్కటే. నాగరాజ్ తల గరుసుకు తగలకుండా రెండు చేతుల్లోకి ఎత్తి పట్టుకుని, మోకాళ్ళ మీద తానూ ఈడ్చుకుపోయింది. నలభై అడుగులు. యాభై. చీర చిరిగింది, మోకాలి చర్మం లేచిపోయింది. ఎక్కడో ఎముక విరిగిన చప్పుడు వినపడింది. అది తనదో అతనిదో తెలియలేదు.

అరవై అడుగుల దగ్గర ఎద్దులు ఆగాయి. నెహెమ్యా ఎడమ ఎద్దు ముక్కుతాడుకు వేలాడుతున్నాడు. ముఖమంతా నెత్తురే. అయినా గొంతు మాత్రం పసిబిడ్డను జోకొట్టినట్టుంది. "హో నాయనా... హో... అయిపోయిండాది... హో..."

ఇద్దరు మనుషులూ చీనీ తోటలోకి పారిపోయారు.

నెహెమ్యా కొడవలి తెచ్చి పగ్గం కోశాడు. నాగరాజ్ కుడి పాదం మడమ ముందుకు తిరిగిపోయి ఉంది. వీపు మీద చొక్కా లేదు, చర్మమూ లేదు. కానీ ఊపిరి ఉంది. రమణి చెవి ఆనించి రెండుసార్లు విన్నది.

"బండ... బండ తీయండ్రా..."

ఓబుళేశు బతికే ఉన్నాడు. బండ అతన్ని ముందుకు నెట్టుకుంటూ వచ్చి రెండు తొడల మీద ఎక్కి ఆగింది. నడుము నుంచి పైన మనిషి, కింద బండ. ఇద్దరు ఎత్తితే లేచేది కాదు. ఎద్దులు ఇంకా కాడి కిందే ఉన్నాయి. కుడి ఎద్దు వణుకుతూ కాళ్ళు మారుస్తోంది. అది ఒక్క అడుగు ముందుకేస్తే బండ పొట్ట మీదికి, రెండో అడుగేస్తే రొమ్ము మీదికి వస్తుంది.

నెహెమ్యా కింద పడిన చర్నాకోలను చూశాడు. వంగి తీసుకున్నాడు. విరిగిన ముక్కులోంచి ఊపిరి బుసబుసలాడుతోంది.

"తోలొద్దు... నెహెమ్యా, తోలొద్దురా, నీ కాళ్ళు మొక్కుతా..." ఓబుళేశు గొంతు చిన్నపిల్లవాడి గొంతయింది.

"ఆ పళ్ళు పీకింది నేనేమ్మా," అన్నాడు నెహెమ్యా రమణితో. "నా చేత్తోనే పీకించినాడు. నా చేతుల్లో పెరిగిన ఎద్దులు. చెప్పు, తోలమంటావా?"

రమణి నాగరాజ్ పాదం వైపు చూసింది. వేళ్ళ వైపు చూసింది. తోలమనే మాట నాలుక దాకా వచ్చింది. ఆ మాట రుచి ఎంత తియ్యగా ఉందో ఆమెకు తర్వాత చాలా రోజులు గుర్తుంది.

"గొలుసు ఇప్పు నెహెమ్యన్నా," అంది. "ఈయన బతకాల. కోర్టులో నిలబడి చెప్పాల. నిలబడేకి కాకుంటే కూచోనన్నా చెప్పాల."

గొలుసు విప్పిన తర్వాతే ఆమె ట్రాక్టర్ దగ్గరకు నడిచింది. రెండు ఫోన్లూ పడకుండా నిలబడే ఉన్నాయి. అరవై వేల మంది చూస్తున్నారు. ఇంతమంది వాళ్ళ ఛానల్‌కు ఎన్నడూ రాలేదు.

"ఇందాక నేను చెప్పింది అబద్ధం," అంది తెలుగులో, తర్వాత కన్నడలో. "నా మొగుణ్ని బండకు కట్టేసినారు కాబట్టి చెప్పినా. పాఠమే నిజం. ఈ జతకు ఎనిమిది పళ్ళు. వేంపల్లె దగ్గరుండే వాళ్ళు ఎవరన్నా బిన్నా రండి, ఆలస్యం చేయొద్దండి." ఆ రెండు లైవ్‌లూ ఆపేసి, అదే చేత్తో అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఇద్దరు మనుషులున్నారు, రెండు బండ్లు పంపండి అని చెప్పింది.

అయిదో రోజుకు నాగరాజ్ కడప ఆసుపత్రిలో లేచి కూర్చున్నాడు. కుడికాలు మోకాలి కింద నుంచి లేదు. ఓబుళేశు అదే ఆసుపత్రిలో పై అంతస్తులో ఉన్నాడు. అతనికి రెండు కాళ్ళూ లేవు. తలుపు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళు ఉన్నారు.

"ఛానళ్ళు?" అని అడిగాడు నాగరాజ్.

"పోయినాయి. రెండూ తీసేసినారు. అంత నెత్తురు చూపించకూడదంట."

"ఎంతమంది చూసినారే?"

"అరవై వేలు."

"అరవై వేలా!" కట్టుకట్టిన చేతిని నెమ్మదిగా పొట్ట మీదికి లాక్కున్నాడు. "మంచి కెమెరా పెట్టింటే బాగుండు."

"గమ్మున పడుకో," అంది రమణి. నవ్వబోయి ఏడ్చింది.

ఆమె ఫోన్ మోగింది. బసనగౌడ. ప్రొద్దుటూరులో ఇంకో జత బేరమాడాడట. డబ్బు కట్టే ముందు ఆమె వచ్చి నోరు చూసి చెప్పాలట. ఎంతడిగినా ఇస్తాడట.

"నా మొగుణ్ని ఇడిసిపెట్టి యాడికీ రాను గౌడప్పా," అంది రమణి. "నాకు ఛానల్ కూడా లేదు ఇప్పుడు."

"ఛానల్ ఎవరికి కావాలక్కా? నువ్వు రాకుంటే ఎద్దుల్నే అక్కడికి తెస్తా."

ఉత్త మాట అనుకుంది. మధ్యాహ్నం మూడింటికి ఆసుపత్రి వెనక గేటు దగ్గర లారీ ఆగింది. వాచ్‌మన్ కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. రోగులు కిటికీల్లోంచి తొంగి చూశారు. రమణి కుంటుకుంటూ మెట్లు దిగింది. రెండు మోకాళ్ళకూ కట్లున్నాయి. చక్రం మీద కాలు పెట్టి, బసనగౌడ చెయ్యి అందిస్తే పట్టుకుని లారీలోకి ఎక్కింది. ఎద్దు మెడ నిమిరింది. అది స్థిమితపడేదాకా ఆగింది. దవడ పక్క నుంచి మెల్లగా వేళ్ళు జొనిపి, చిగుళ్ళ వెంట ఒక్కో పన్నూ తడిమింది. గుంట లేదు, నెత్తురు లేదు. చివర పాలపన్ను వదులుగా ఊగుతోంది.

"ఆరు," అంది. "నిజం ఆరు."

రెండో ఎద్దు నోట్లో చెయ్యి పెట్టబోతూ తల ఎత్తింది. గేటు అవతల, రోడ్డు మీద ఎద్దుల్ని ఎక్కించుకొచ్చిన ఇంకో రెండు లారీలు ఆగి ఉన్నాయి.